తెలుగు మాటలతో ‘లోతు’ ప్రయోగం: ల్యాబ్‌లో చేయించిన అనుభవం

డిగ్రీ సైకాలజీ ప్రాక్టికల్స్‌లో జ్ఞాపకం మీద చేయించే ప్రయోగాల్లో ఖర్చు తక్కువ, ఫలితం ఖాయం అనదగ్గది ఈ ‘లోతు’ ప్రయోగం: ఒక మాట రూపం చూసినప్పుడు, శబ్దం పట్టించుకున్నప్పుడు, అర్థం ఆలోచించినప్పుడు అది ఎంతెంత గుర్తుంటుందో చూడటం. ఒక ప్రొజెక్టరు, కొన్ని జిరాక్సు కాగితాలు, సెకన్ల ముల్లున్న గడియారం ఉంటే చాలు. ముప్పై మంది పట్టే గదిలో ఒక్క పీరియడ్‌లో ముగుస్తుంది. చిక్కల్లా మాన్యువల్‌తోనే. అందులో ఉన్నవన్నీ ఇంగ్లిషు మాటలు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు అవే ఇస్తే కొందరు మాటకు అర్థం వెతుక్కుంటూ కూర్చుంటారు. మనం కొలవాల్సింది జ్ఞాపకం, తేలేది వాళ్ల ఇంగ్లిషు. పోనీ ఉన్నదున్నట్టు తెలుగులోకి దించుదామంటే మొదటి ప్రశ్న దగ్గరే బండి ఆగుతుంది: ‘ఈ మాట కాపిటల్ లెటర్లలో ఉందా?’ మనకు కాపిటల్ లెటర్లే లేవు.

అందుకని ప్రయోగాన్ని తెలుగులో మొదటినుంచీ కట్టుకోవాల్సి వచ్చింది. ఎలా కట్టాం, ఎక్కడ ఎందుకు బెసుకుతుంది అన్నదే ఇక్కడ చెప్పబోయేది.

వెనక ఉన్న వాదన రెండు మాటల్లో. 1968లో ఆట్కిన్సన్, షిఫ్రిన్ ఇచ్చిన నమూనా ప్రకారం జ్ఞాపకం అంటే అరలు: కొద్దిసేపు నిలిచే అర, చాలాకాలం నిలిచే అర. పదేపదే అనుకుంటూ ఉంటే మొదటి అరలోంచి రెండో అరలోకి పోతుంది. 1972లో టొరంటోలో పనిచేస్తున్న ఫెర్గస్ క్రెయిక్, రాబర్ట్ లాక్‌హార్ట్ దీన్ని పక్కకు నెట్టారు. ఎన్నిసార్లు అనుకున్నావన్నది కాదు, ఆ మాటతో మనసు ఏం పని చేసిందన్నది ముఖ్యం అన్నారు. రూపం చూసి వదిలేస్తే పైపైన, శబ్దం దాకా వెళ్తే కొంచెం లోపలికి, అర్థం దాకా వెళ్తే ఇంకా లోతుకి. గుర్తుండటం ఆ పనికి వెంట వచ్చే ఫలితమే తప్ప విడిగా చేసే పని కాదు. 1975లో క్రెయిక్, ఎండెల్ టుల్వింగ్ కలిసి పది ప్రయోగాలతో దీన్ని పరీక్షకు పెట్టారు. మాట చూపించే ముందు ఒక ప్రశ్న అడుగుతారు. ఆ ప్రశ్నే మనసును ఎంత లోతుకి దింపాలో నిర్ణయిస్తుంది. మనం కట్టుకునేది ఆ ప్రయోగాన్నే.

అసలు కష్టం లోతైన ప్రశ్న తయారుచేయడంలో ఉంటుందనుకుంటారు చాలామంది. తెలుగులో తిరగబడి ఉంటుంది: లోతులేని ప్రశ్న తయారుచేయడమే కష్టం. కాపిటల్ లెటర్లకు బదులు ఎవరికైనా ముందు తట్టేది ‘ఈ మాటలో సున్న ఉందా?’ అనేది. చూడటానికి రూపానికి సంబంధించిన ప్రశ్నలాగే ఉంటుంది. కానీ ‘మంచం’ చూసి సున్న ఉందో లేదో చెప్పమంటే ఎవరూ కంటితో వెతకరు, లోపల ఒకసారి ‘మంచం’ అనేసుకుని జవాబు చెబుతారు. వత్తు ఉందా అని అడిగినా అంతే. ‘దువ్వెన’ అనుకోగానే వత్తు వినబడిపోతుంది. మన లిపిలో రాసిందే పలుకుతాం కాబట్టి గుణింతం, వత్తు, సున్న అన్నీ శబ్దానికి గుర్తులే. సున్న ప్రశ్నతో చేయిస్తే రూపం గుంపుకీ శబ్దం గుంపుకీ మధ్య ఎడం బాగా తగ్గిపోయి, క్రెయిక్ చెప్పింది తప్పేమో అని రికార్డులో రాసేస్తారు పిల్లలు. తప్పు సిద్ధాంతానిది కాదు, ప్రశ్నది.

శబ్దంతో పనిలేని రూపం ప్రశ్న కావాలి. కుదిరినది అక్షరం లావు. ఒకే ఫాంటులో సగం మాటలు లావుగా, సగం మాటలు సన్నగా పెట్టి ‘లావు అక్షరాల్లో ఉందా?’ అని అడగాలి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ప్రతిసారీ లావు గురించే అడిగితే ‘అవును’ వచ్చేవన్నీ లావు మాటలే అవుతాయి. లావుగా ఉన్నందుకు గుర్తుందో, ‘అవును’ అన్నందుకు గుర్తుందో విడదీయలేం. అందుకని సగంసార్లు ‘సన్న అక్షరాల్లో ఉందా?’ అని అడగాలి. రంగుతోనూ చేయొచ్చు గానీ ప్రొజెక్టరు బల్బు పాతబడితే ఎరుపు, గోధుమరంగు వెనక బెంచీకి ఒకేలా కనబడతాయి.

శబ్దం ప్రశ్నకు అంత్యప్రాస తీసుకున్నాం. ‘వేటతో ప్రాస కుదురుతుందా?’ అని అడిగి ‘చేట’ చూపిస్తే అవును, ‘నక్క’ చూపిస్తే కాదు. ఇక్కడ తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయన్నది గుర్తుంచుకోవాలి. చివరి అక్షరం ఒక్కటే కలిస్తే చాలనుకుంటే ‘రోలు’కీ ‘పిడకలు’కీ కూడా ప్రాస కుదిరినట్టే, సగం నిఘంటువు అవును అవుతుంది. మూడక్షరాల మాటలకు చివరి రెండక్షరాలూ కలవాలి: అడుగు, గొడుగు. పద్యాలు బాగా వచ్చినవాళ్లతో ఇంకో ఇబ్బంది. ప్రాస అనగానే వాళ్ల చూపు రెండో అక్షరం మీదికి పోతుంది. ముందే నాలుగు ఉదాహరణలు బోర్డు మీద రాసి, మాట చివర్లు కలవడం గురించే అడుగుతున్నామని చెప్పేస్తే ఆ గొడవ ఉండదు.

అర్థం ప్రశ్నకు రెండు దారులున్నాయి. ‘ఇది పండా?’, ‘ఇది జంతువా?’ అని జాతి అడగొచ్చు. తేలిక, కానీ తర్వాత గుర్తున్న మాటలు రాయమన్నప్పుడు ‘పండు అని అడిగారు కదా’ అనుకుని జామ, మామిడి, అరటి అని వరసగా రాసేస్తారు. మూడింట్లో ఒకటి తగులుతుంది, దానికి మార్కు పడుతుంది. అందుకే మాకు వాక్యంలో ఖాళీ పెట్టే పద్ధతి నచ్చింది: ‘అటక మీది సామాను దించడానికి ____ కావాలి.’ తర్వాత ‘నిచ్చెన’ కనబడుతుంది. వాక్యంలో ఇముడుతుందా లేదా అన్నదే ప్రశ్న.

ఖాళీని ఎక్కడ పెట్టాలన్నదానికి కచ్చితమైన కట్టుబాటు కావాలి. ఖాళీ పక్కన ‘లో’, ‘తో’, ‘కి’ రాకూడదు. ‘____లో పచ్చడి నూరారు’ అని పెట్టి ‘రోలు’ చూపిస్తే చదివేవాడికి ‘రోలులో’ అని వస్తుంది. మనం అనేది ‘రోట్లో’. ఆ ఎబ్బెట్టుతనానికి ఒక్క క్షణం ఆగుతారు, కొందరు కాదు అని టిక్కు పెడతారు. ‘ఊరు’, ‘ఇల్లు’, ‘గొయ్యి’ అన్నీ ఇదే బాపతు. కర్తగానో, విభక్తి అక్కర్లేని కర్మగానో ఖాళీ పెడితే ఏ మాటైనా ఉన్న రూపంలోనే ఇముడుతుంది. మనుషులను తెలిపే మాటలు కూడా వద్దు. ‘కుమ్మరి’, ‘తాత’ లాంటివి వస్తే వాక్యం చివర ‘చేశాడు’, ‘వచ్చాడు’ అని క్రియ ముందే చెప్పేస్తుంది. వస్తువులూ జంతువులూ అయితే అన్నిటికీ ‘పడింది’, ‘పోయింది’ సరిపోతుంది. ఇంకొకటి: ‘వీధిలో ____ మొరిగింది’ లాంటి వాక్యాలు పనికిరావు. మాట తెరమీదికి రాకముందే చదివినవాడు దాన్ని తానే ఊహించేసుకుంటాడు. తానుగా పుట్టించుకున్న మాట చూసిన మాట కంటే ఎక్కువ గుర్తుంటుందని స్లమెక్కా, గ్రాఫ్ 1978లో చూపించారు. అది వేరే ప్రయోగం, దీంట్లో కలపకూడదు.

మాటల జాబితా 36. రెండు మూడు అక్షరాలవి, కంటికి కనిపించే వస్తువులు, రెండు రాష్ట్రాల్లోనూ ఒకే పేరున్నవి: కుండ, పలక, కత్తెర, సుత్తి, గొడుగు, జల్లెడ, నాగలి, అద్దం, దువ్వెన, నిచ్చెన, అలాంటివి. ‘చీపురు’ తీసేశాం. తెలంగాణ పిల్లలు చీపురు చూసి ‘పొరక’ అని రాస్తారు, దానికి మార్కు వేయాలా వద్దా అని కొట్టుకోవాలి. ఈ 36కి ముందు రెండు, చివర రెండు అదనపు మాటలు. జాబితా మొదట్లో, చివర్లో ఉన్న మాటలు ఏ ప్రశ్న అడిగినా బాగానే గుర్తుంటాయి కాబట్టి ఆ నాలుగూ లెక్కలోకి రావు. మొత్తం 40.

ఇప్పుడు బుక్‌లెట్లు. 36 మాటలను 12 చొప్పున మూడు కట్టలు చేసి మూడు రకాల బుక్‌లెట్లు వేయాలి. మొదటి రకంలో ఒకటో కట్టకు రూపం ప్రశ్న, రెండోదానికి శబ్దం, మూడోదానికి అర్థం. మిగతా రెండు రకాల్లో ప్రశ్నలు ఒక్కో కట్ట జరుగుతాయి. దీంతో ప్రతి మాటా గదిలో ఎవరో ఒకరికి మూడు ప్రశ్నలతోనూ ఎదురవుతుంది. ‘గొడుగు మామూలుగానే తేలిగ్గా గుర్తుండే మాట’ అనే వాదనకు తావుండదు. ప్రతి కట్టలో ఆరు ‘అవును’, ఆరు ‘కాదు’. ఒకే రకం ప్రశ్న వరసగా రెండుసార్లకు మించి రాకూడదు.

బుక్‌లెట్‌లో ప్రశ్నలు మాత్రమే ఉంటాయి, మాటలు ఉండవు. మాట తెరమీద అందరికీ ఒకటే కనబడుతుంది. ఇలా చేస్తే ఒకే గదిలో మూడు గుంపులూ కూర్చోవచ్చు, పక్కవాడి కాగితం చూసినా వాడికి వేరే ప్రశ్న, వెనక్కి తిప్పి చూసుకోవడానికి మాటే ఉండదు. స్లైడు వరస: మొదట అంకె 3 సెకన్లు (ఆ అంకె దగ్గరి ప్రశ్న చదువుకోవడానికి), తర్వాత మాట 1 సెకను, తర్వాత ఖాళీ తెర 3 సెకన్లు (టిక్కు పెట్టడానికి). ఒక్కోటి 7 సెకన్లు, 40కి 280 సెకన్లు, అంటే 4 నిమిషాల 40 సెకన్లు. స్లైడ్లను ఆటోమేటిక్ టైమింగ్ మీద పెట్టాలి. చేత్తో నొక్కితే మధ్యలో చేయి తడబడుతుంది.

‘తర్వాత గుర్తుందా అని అడుగుతాం’ అని ముందు చెప్పకూడదు. ‘ప్రశ్నలకు ఎంత చురుగ్గా, తప్పు లేకుండా జవాబిస్తారో చూస్తాం, ఉద్దేశం చివర్లో పూర్తిగా చెబుతాం, ఎప్పుడైనా మానుకోవచ్చు’ అంటే సరిపోతుంది. అబద్ధమూ కాదు, గుట్టూ బయటపడదు. నలభైయో స్లైడు కాగానే బుక్‌లెట్లు తీసేసుకుని, 547 నుంచి 3 చొప్పున తీసేస్తూ అంకెలు రాయమనాలి: 544, 541, 538. రెండు నిమిషాలు. ఇది లేకపోతే చివర చూసిన మాటలు నోట్లో ఆడుతూనే ఉంటాయి. ఆ తర్వాత తెల్లకాగితం ఇచ్చి, కనబడిన మాటలు ఏ వరసలోనైనా రాయమంటే గదంతా ఒక్కసారి ‘అయ్యో’ అంటుంది. నాలుగు నిమిషాలు ఇవ్వండి. రెండు నిమిషాలకే కలాలు ఆగిపోతాయి గానీ మూడో నిమిషంలో ఒకటో రెండో వస్తాయి.

అది అయ్యాక గుర్తుపట్టే పరీక్ష: చూసిన 36, అలాంటివే చూడని 36, మొత్తం 72 కలగలిపి అచ్చేసిన కాగితం, చూసినవాటికి చుట్టూ సున్నా చుట్టాలి. ఈ వరస మార్చకూడదు. ముందే 72 మాటలు చూపించేస్తే ఇక తెల్లకాగితం మీద రాయమనడానికి అర్థం లేదు. చివరగా ‘గుర్తుంచుకోవాలని అడుగుతారని ముందే అనుమానించారా?’ అని ఒక ప్రశ్న. అవునన్నవాళ్ల కాగితాలు విడిగా కట్టాలి. సీనియర్లు హాస్టల్లో చెప్పేస్తారు కాబట్టి ఏటా కొందరుంటారు.

గుర్తుపట్టినదానికి మార్కు వేసేటప్పుడు ఊరికే కొట్టిన దెబ్బలు తీసేయాలి. ఒకమ్మాయి అర్థం ప్రశ్న అడిగిన 12లో 9 గుర్తుపట్టింది, అంటే 75 శాతం. చూడని 36లో 6 చూశానంది, అంటే దాదాపు 17 శాతం. తీసేస్తే 58. అందరికీ ఇలాగే లెక్కకట్టాలి, లేకపోతే కనబడిన ప్రతిదానికీ సున్నా చుట్టినవాడే మొనగాడు.

లెక్కల కంటే నాకు ఎక్కువ ఆసక్తి తెల్లకాగితం మీది తప్పుల మీద. అందుకే రికార్డులో వాటికో వరస పెట్టిస్తాం. ప్రాస ప్రశ్న వచ్చినవాడు ‘చేట’ అనాల్సిన చోట ‘వేట’ అని రాస్తాడు. ప్రశ్నలోని మాటే నిలిచింది. వాక్యం ప్రశ్న వచ్చినవాడు ‘బిందె’ బదులు ‘కడవ’ రాస్తాడు. మాట పోయింది, వస్తువు మిగిలింది. మనసు ఎక్కడిదాకా దిగిందో తప్పే చూపిస్తుంది. లావు-సన్నం ప్రశ్నకు ఇలాంటి దగ్గరి తప్పులు రావు, ఖాళీయే ఉంటుంది. పన్నెండులో ఒకటో రెండో వస్తాయి, కొందరికి అసలే రావు.

ఫలితం వరస ఎప్పుడూ ఒకటే: అర్థం పైన, శబ్దం మధ్యన, రూపం అడుగున. అర్థం, శబ్దం ప్రశ్నల్లో ‘అవును’ అన్న మాటలు ‘కాదు’ అన్నవాటికంటే బాగా నిలుస్తాయి. 1975 పత్రంలోనూ అంతే. కారణం కష్టమైనదేం కాదు. ‘అటక మీది సామాను దించడానికి నిచ్చెన కావాలి’ అన్నప్పుడు ప్రశ్న, మాట కలిసి ఒక బొమ్మ అవుతాయి, ఒకటి తలచుకుంటే రెండోది వస్తుంది. అదే వాక్యానికి ‘నక్క’ చూపిస్తే కాదు అనేసి వదిలేస్తాం. అర్థం చూసిన మాటే, కానీ అతుక్కోవడానికి ఏమీ దొరకలేదు. వాక్యాన్ని చిక్కన చేసినకొద్దీ ఇది పెరుగుతుంది. ‘____ పగిలింది’ కంటే ‘సంతలో గీచి గీచి బేరమాడి కొన్న ____ ఇల్లు చేరేలోపే పగిలింది’ అన్నప్పుడు ‘కుండ’ ఎక్కువమందికి వస్తుంది. ‘కాదు’ అయితే వాక్యం ఎంత చిక్కగా ఉన్నా లాభం లేదు.

వైవాలో తప్పకుండా వచ్చే ప్రశ్న: ‘అర్థం గురించి ఆలోచించడానికి ఎక్కువ సమయం పడుతుంది కదా, గుర్తుండటం సమయం వల్లేనేమో?’ క్రెయిక్, టుల్వింగ్ దీనికి హల్లులు, అచ్చుల వరస సరిచూసే పని పెట్టారు. అది నిదానంగా సాగే పని, అయినా మాటలు గుర్తుండలేదు. తెలుగులో దానికి సరిజోడు తలకట్టు. ‘ఈ మాటలో తలకట్టు ఉన్న అక్షరాలు రెండున్నాయా?’ అని అడగండి. ‘పలక’లో ప, క లకు ఉంది, ల కు లేదు: రెండు. ‘జల్లెడ’లో జ కు లేదు, ల్లె మీద ఉన్నది ఎత్వమే తప్ప తలకట్టు కాదు, డ కు ఒక్కటే. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తెలుగు రాస్తున్నవాళ్లు కూడా ఒక్కో అక్షరం దగ్గర ఆగుతారు, ఎందుకంటే తలకట్టు పలకదు, చూడాల్సిందే. సున్న, వత్తు ఇవ్వలేని శుద్ధమైన రూపం ప్రశ్న ఇదే. దీన్ని వేరే బ్యాచ్‌తో, మాటను ఒక సెకను కాక ఐదు సెకన్లు తెరమీద ఉంచి చేయిస్తాం. ఐదు సెకన్లు కళ్లప్పగించి చూసిన మాటలు, ఒక్క సెకను చూసి వాక్యంలో ఇమిడించిన మాటల దరిదాపులకు కూడా రావు.

‘ముందే చెప్పి ఉంటే బాగా గుర్తుపెట్టుకునేవాళ్లం’ అనే ఫిర్యాదుకు జవాబు 1969లోనే ఉంది. హైడ్, జెంకిన్స్ ఒక గుంపుకి మాట మనసుకు హాయిగా అనిపిస్తోందో లేదో చెప్పమన్నారు, పరీక్ష సంగతి చెప్పలేదు. ఇంకో గుంపుకి గుర్తుంచుకోమని సూటిగా చెప్పారు. రెండు గుంపులూ దాదాపు సమానంగా రాశాయి. గుర్తుంచుకోవాలన్న పట్టుదల నేరుగా పనిచేయదు. అర్థం వైపు నడిపిస్తేనే పనిచేస్తుంది.

సిద్ధాంతంలో లోటు లేదని కాదు. లోతును దేనితో కొలుస్తావు అంటే గుర్తుండటంతో అని, ఎందుకు గుర్తుంది అంటే లోతుకి వెళ్లింది గనక అని గుండ్రంగా తిరిగే ప్రమాదం ఉంది. 1977, 1978లలో నెల్సన్, బాడ్లీ ఇదే ఎత్తిచూపారు. దీనికంటే గట్టి దెబ్బ 1977లో మోరిస్, బ్రాన్స్‌ఫర్డ్, ఫ్రాంక్స్ ప్రయోగం. వాళ్లు మార్చింది చివరి పరీక్షను. ‘ఈ మాటకు ప్రాస కుదిరే మాట ఇందాక చూశావా?’ అని అడిగితే, అర్థం చూసినవాళ్ల కంటే ప్రాస చూసినవాళ్లే నెగ్గారు. టైము మిగిలితే మా పిల్లలతో చేయించే రెండో భాగం ఇదే, ఒక అరపేజీ కాగితం చాలు. శతక పద్యం అర్థం చదువుకున్నవాడు భావం చెబుతాడు గానీ పాదం దగ్గర తడబడతాడు, యతిప్రాసలు పట్టుకుని వల్లెవేసినవాడు పొల్లుపోకుండా అప్పజెబుతాడు. అడిగేది భావమా, పాదమా అన్నదాన్ని బట్టే ఎవడు నెగ్గాడో తేలుతుంది.

గ్రూప్-1 పరీక్షకు చదివేవాళ్లు ఈ ప్రయోగం గురించి విని ‘అయితే అర్థం చేసుకుంటే చాలన్నమాట’ అంటుంటారు. రాజ్యాంగంలో 32, 226 అధికరణాలు తీసుకోండి: హక్కుల కోసం కోర్టు ఇచ్చే ఆదేశానికి (రిట్‌కి) 32 కింద సుప్రీంకోర్టుకి, 226 కింద హైకోర్టుకి వెళ్తాం. హైలైటర్‌తో అంకెల మీద గీతలు గీయడం లావు-సన్నం ప్రశ్న లాంటిదే. ‘32 తానే ఒక ప్రాథమిక హక్కు అయినప్పుడు, ప్రాథమిక హక్కుల కోసమే కాక ఇతర హక్కుల కోసం కూడా రిట్ ఇచ్చే వీలు 226 కింద హైకోర్టుకి ఎందుకు ఇచ్చారు?’ అని అడుగుకుని జవాబు రాస్తే రెంటికీ ఉన్న తేడా నిలుస్తుంది. అంకె మాత్రం అర్థంలోంచి ఊడిపడదు. 226 అన్న అంకెలో హైకోర్టు ఎక్కడా లేదు. ప్రిలిమ్స్‌లో నాలుగు అంకెలు ఎదురుగా ఉంటాయి, గుర్తుపడితే చాలు. మెయిన్స్‌లో తెల్లకాగితం. అందుకని అంకెల కోసం వేరే పని పెట్టుకోవాలి: కాగితం ఎడమవైపు విషయం, కుడివైపు అంకె, కుడివైపు మూసి రాయడం, తర్వాత ఎడమవైపు మూసి అంకె చూసి విషయం రాయడం. రెండు వైపులా చేయాలి, ఎందుకంటే ప్రశ్న ఎటునుంచైనా వస్తుంది.